కీప్‌కి ఏడో అర్థం

డిక్షనరీ పనిలో పెద్ద మాటలతో ఏ పేచీ ఉండదు. బారెడు పొడుగున్న ఇంగ్లీషు మాట దర్జాగా వస్తుంది, ఒక్క అర్థం చెప్పించుకుంటుంది, తన దారిన తను పోతుంది. ప్రాణాలు తోడేసేవి పొట్టి మాటలే. టేక్, రన్, సెట్, గెట్. చూడబోతే గుప్పెడంత ఉండవు, తీరా విప్పితే ఒక్కొక్కటీ ఒక్కో ఉమ్మడి కుటుంబం. ఒక అర్థానికీ ఇంకో అర్థానికీ పడదు, అయినా అన్నీ ఒకే చూరు కింద పడి ఉంటాయి. అందుకే ఆ డిక్షనరీ నడిపే మామగారు అలాంటివన్నీ ఆఖరికి అట్టేపెట్టేవాడు. ఈ ముద్రణకి అట్టేపెట్టినవి కూడా అయిపోయి, ఒక్క కీప్ మిగిలింది. ఆ చీటీలు పట్టుకుని తోడికోడళ్ళిద్దరూ ఎదురెదురు బల్లల దగ్గర కూర్చున్నారు. అసలు ఆ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టడమే బుద్ధి తక్కువ పని.

ఇనప సామాన్ల కొట్టు మీద మూడో అంతస్తులో వాళ్ళ ఆఫీసు. రెండు కిటికీలు, రెండు బల్లలు, గోడంతా చీటీల సొరుగులు. మూల మామగారి పడక్కుర్చీ, దాని పక్కనే స్టూలు మీద టెలిఫోను. వెనక గదుల్లో మామగారు, చిన్నకొడుకు, చిన్నకోడలు ఉంటారు. పుస్తకాలు అమ్మే పని చిన్నకొడుకుది, అతను ఎప్పుడూ తిరుగుళ్ళమీదే. పెద్దకోడలిది వీధికి అవతల, పెద్దకొడుకుతో కలిసి ఉన్న అద్దెగది. పెద్దకొడుకు పోయాక కూడా ఆవిడ ఆ గది ఖాళీ చెయ్యలేదు, ఈ పని మానలేదు. పొద్దున్నే వస్తుంది, గొడుగు తలుపు మూల పెడుతుంది, సాయంత్రం దాకా తలెత్తదు.

ఆ డిక్షనరీకి పేరొచ్చింది అర్థాల వల్ల కాదు. అర్థాలు ఎక్కడైనా దొరుకుతాయి. ఇందులో ప్రతి అర్థం కిందా ఒక తెలుగు వాక్యం ఉంటుంది. అది ఎవరో నిజంగా అన్నదై ఉండాలి, రాసినవాళ్ళు చెవులారా విన్నదై ఉండాలి. అన్నది ఎవరో కూడా పక్కన వేస్తారు. పేరు అక్కర్లేదు, వరసో వృత్తో చాలు: బస్సు కండక్టరు, పళ్ళ డాక్టరు, పక్కింటావిడ. కల్పించి రాస్తే మామగారు చీటీ చింపి మొహాన కొట్టేవాడు. ఒక అర్థానికి ఎవరూ ఏమీ వినకపోతే అక్కడ 'వినలేదు' అని అచ్చవుతుంది. వాడుకలోంచి పోయిన ముసలి అర్థాలకి తప్ప ఆ గతి పట్టదు.

ఒకరు రాసిన చీటీ ఇంకొకరికి పైకి చదివి వినిపించాలి. విన్నవాళ్ళు 'ఉండనీ' అనాలి, లేదా అంతకంటే మంచి విన్నమాట తెచ్చి, అప్పుడు కొట్టెయ్యాలి. నచ్చలేదని ఊరికే కొట్టెయ్యడానికి వీల్లేదు. ఈ కట్టుబాటు ఎంత గట్టిదంటే, 'థ్రో' అనే మాట కింద మామగారి సొంత తమ్ముడు తాగిన మత్తులో అన్న బూతు లాంటి వాక్యం ఇప్పటికీ ఉంది. "అన్నా, నలుగురిలో నా పరువు తియ్యకు," అని తమ్ముడు కాళ్ళావేళ్ళా పడితే, "అన్నావా లేదా? అది చెప్పు," అని ఒక్క ప్రశ్న వేసి అచ్చుకి పంపేశాడు. ఆ తమ్ముడు మళ్ళీ ఈ గుమ్మం తొక్కలేదు. మామగారు ఆ సంగతిని ప్రతి ముద్రణకీ ముందుమాటలో ఘనంగా రాసుకుంటాడు, ఏదో త్యాగం చేసినట్టు.

తోడికోడళ్ళు అన్నాం గానీ, చిన్నకోడలు ఆ వరస ఒప్పుకోదు. పెద్దకొడుకూ ఆవిడా పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా మామగారు, "ఈ ముద్రణ గట్టెక్కనివ్వండర్రా, తీరిగ్గా చేద్దాం," అనేవాడు. ఆ ముద్రణ గట్టెక్కేది, ఇంకోటి నెత్తికెక్కేది. ఇద్దరికీ తలలు నెరిశాయి. చివరికి ఆ మాట ఎత్తడం కూడా మానేశారు. అందరూ ఆవిడని పెద్దకోడలు అనే పిలిచేవాళ్ళు కనుక, ఏ కాగితం మీదా ఆ సంగతి లేదని ఎవరికీ తట్టలేదు. తట్టిందల్లా చిన్నకోడలికే. అదీ పెద్దకొడుకు ఆస్పత్రిలో పోయిన తరవాత.

పోయేముందు అతను తండ్రి చెయ్యి పట్టుకుని ఒకటే అడిగాడు. "నా పేరు సరే నాన్నా. ఈసారి పుస్తకం మీద దాని పేరు వేయించు. సగం పని దానిదే." మామగారు కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, "వేయిస్తానురా, ఇదే మాట," అన్నాడు. పెద్దకోడలు మంచినీళ్ళ గ్లాసుతో పక్కనే నిలబడి ఉంది. ఆవిడకి ఇంకేమీ అక్కర్లేదు. గది అక్కర్లేదు, కోడలన్న పిలుపూ అక్కర్లేదు. ఆ మొదటి పేజీలో పెద్దకొడుకు పేరు పక్కన తన పేరు కావాలి. అంతే. దానికోసమే చిన్నకోడలి ఎత్తిపొడుపులన్నీ దిగమింగి ఇన్నాళ్ళూ ఈ మెట్లెక్కింది.

"మొదలెడదామా అక్కా? కంపోజిటర్ కిందనించి వచ్చేస్తాడు," అంది చిన్నకోడలు. నోట్లో అక్క, కళ్ళల్లో నిప్పులు.

కింది అంతస్తులో పేజీలు కట్టే కంపోజిటర్‌కి ఇద్దరి సంతకాలూ ఉన్న చీటీల కట్ట అందితేగానీ పని సాగదు. పెద్దకోడలు కళ్ళజోడు సర్దుకుంది.

"ఒకటో అర్థం, దగ్గర ఉంచుకొను. 'గొడుగు మీ దగ్గరే ఉంచండి, వానొచ్చేలా ఉంది.' చెప్పులు కుట్టే ఆయన."

"ఉండనీ."

"రెండు, పెంచు," అని చిన్నకోడలు అందుకుంది. "'ఎలకల కోసం పిల్లిని పెంచితే ఎలకలు పోలేదు సరికదా, పిల్లి కూడా తిష్ట వేసింది.' పక్కింటి టీచరు." 'తిష్ట' దగ్గర ఒక్క క్షణం ఆగి ఎదుటి బల్లవైపు చూసింది.

"ఉండనీ," అంది పెద్దకోడలు. "మూడు, పాడవకుండా ఉండు. 'ఈ పాలు సాయంత్రం దాకా ఉండవమ్మా.' పాలావిడ."

"ఉండనీ. నాలుగు, చేస్తూనే ఉండు. 'పొద్దున లేచిందగ్గర్నించీ ఒకటే సణుగుడు, సణుగుతూనే ఉంటుంది.' చిన్నకొడుకు."

"ఎవరి గురించన్నాడో కూడా వేద్దామా?"

"నీ గురించే. వేస్తే వెయ్యి."

"ఉండనీ. ఐదు, రహస్యం దాచు. 'ఆవిడ కడుపులో నువ్వుగింజ కూడా దాగదు.' కంపోజిటర్." పెద్దకోడలు చీటీ కట్టమీద పడేసి, "ఇది నీ గురించి," అంది.

పడక్కుర్చీలో మామగారు చిన్నగా దగ్గాడు. ఈ ఇద్దరి యుద్ధం ఆయనకి కొత్త కాదు. పైగా దానివల్ల పని జోరుగా సాగుతుందని లోలోపల సంతోషం కూడా. ఒకరి తప్పు ఒకరు పట్టడానికి ఇద్దరూ కళ్ళల్లో ఒత్తులేసుకుని ఉంటారు. ఆ కళ్ళనించి ఏ పొరపాటూ తప్పించుకోలేదు. పెద్దమనుషులు ఇలాంటి లెక్కలు భలే వేసుకుంటారు.

ఆరోది దూరంగా ఉండు. అది చిన్నకోడలి వంతు. "'వాళ్ళ జోలికి పోకు, మంచివాళ్ళు కాదు.' మా అమ్మ." ఎవరి జోలికో ఎవరూ అడగలేదు.

"ఏడు, మాట నిలబెట్టుకొను," అంది పెద్దకోడలు. చీటీ ఖాళీగా ఉంది. దాన్ని పక్కన పెట్టింది. "ఇది ఆఖర్న రాస్తాను."

"ఎందుకూ? దొరకలేదా?"

"దొరుకుతుంది."

దొరుకుతుందనే ఆవిడ నమ్మకం. మొదటి పేజీ ఇంకా అచ్చుకి వెళ్ళలేదు. కీప్ అవగానే మామగారు పబ్లిషర్‌కి ఫోను చేసి పేర్లు చెబుతాడు. ఫోను పెట్టేసి, కొడుకు ఫొటోవైపు చూసి, 'నీకిచ్చిన మాట నిలబెట్టుకున్నానురా' అని ఒక్క ముక్క అంటాడు. ఆ ముక్క వినాలి, ఈ చీటీమీద రాయాలి, పక్కన 'మామగారు' అని వెయ్యాలి. వారాల తరబడి ఆ చీటీని అందుకే ఖాళీగా అట్టేపెట్టింది. ఇంత వయసొచ్చి, అంత డిక్షనరీ రాసి, మనుషుల మీద అంత నమ్మకమేమిటో!

మిగతావన్నీ చకచకా అయిపోయాయి. ఒక్క చీటీ మిగిలింది, చిన్నకోడలి చేతిలో. ఆమె లేచి నిలబడింది. చీటీ చదవడానికి లేచి నిలబడడం ఆ ఆఫీసులో ఎవరూ ఎరగరు.

"ఆఖరి అర్థం, నామవాచకం. పెళ్ళి లేకుండా ఉంచుకున్న మనిషి." గొంతు సవరించుకుంది. "'ఆవిడ మా పెద్దవాడు ఉంచుకున్న మనిషండీ, పెళ్ళాం కాదు. అలాంటివాళ్ళ పేరు పుస్తకం మీద ఎలా వేస్తాం? మా చిన్నకోడలి పేరు రాసుకోండి.'"

కింద కొట్టులో ఎవరో ఇనపచువ్వలు దబ్బున పడేశారు.

"ఎవరన్నారు?" అంది పెద్దకోడలు.

"ఇక్కడుందిగా. మామగారు."

పెద్దకోడలు తల తిప్పి చూసింది. మామగారి పేపరు ఒళ్ళోకి జారిపోయి ఉంది. మొహంలో నెత్తురు చుక్కలేదు. ఆవిడకి మరి వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. అయినా అలవాటైన ప్రశ్న వేసింది.

"ఎక్కడ విన్నావు?"

"ఇక్కడే. నిన్న పబ్లిషర్‌తో ఫోన్లో మాట్లాడుతుంటే. నేను టీ పట్టుకుని ఆ గుమ్మంలో ఉన్నాను. చెవులారా విన్నాను." చిన్నకోడలు చేతులు కట్టుకుంది. "నచ్చకపోతే కొట్టెయ్యి. చించెయ్యి. అరుచుకో, ఏడువు. నీ ఇష్టం."

ఆమె ఎత్తు అదే. అరిచి గోల చేసి చీటీ చించేస్తే, కట్టుబాటు తెలియని మనిషని మెడపట్టి గెంటెయ్యొచ్చు. అందుకోసం మాటలన్నీ ముందే కూడబలుక్కుని ఉంచింది. పెద్దకోడలికి ఆ బల్ల ఎత్తి ఆ ఇద్దరి నెత్తిమీదా కుదేసెయ్యాలని ఉంది. ఇన్నేళ్ళు! తన కాపురం, తన కళ్ళు, తన నడుము, అన్నీ ఈ సొరుగుల్లో పోసింది. పెళ్ళి ఆపిందెవరు? పెళ్ళి లేదని ఇప్పుడు వేలు చూపిస్తున్నదెవరు?

ఆవిడ కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"ఉండనీ," అంది.

చిన్నకోడలికి అర్థం కాలేదు. "ఏంటి?"

"ఉండనీ అన్నాను. మంచి వాక్యం. అర్థం అద్దంలా కనపడుతోంది. అన్నదెవరో ఉంది, విన్నదెవరో ఉంది. ఇంతకంటే మంచిది నా దగ్గర లేదు. ఇలా తే, కట్టలో పెడతాను."

అప్పుడు వెలిగింది చిన్నకోడలికి. ఆ వాక్యం అచ్చవుతుంది. పక్కన 'మామగారు' అని అచ్చవుతుంది. ఆ డిక్షనరీలో మామగారంటే ఎవరో చదివే ప్రతివాడికీ తెలుసు. పుస్తకం మొదటి పేజీలో తన పేరు, లోపల ఆ పేరు ఎలా వచ్చిందో వివరం! కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో ఆమెకి ఆ క్షణాన తెలిసొచ్చింది.

"అది... ఏదో కోపంలో రాశానక్కా. నేనే తీసేస్తాను."

"కోపంలో రాశావు సరే. విన్నావా లేదా?"

"విన్నాననుకో..."

"అయితే ఇంకో విన్నమాట తే. దీనికంటే మంచిది. అప్పుడు కొట్టేద్దాం."

"ఉంది. 'ఆయన ఎవర్నో ఉంచుకున్నాట్ట,' అని."

"ఎవరన్నారు?"

"కూరగాయలావిడ."

"ఎక్కడ? ఎవరి గురించి?"

కల్పించిన వాక్యం ఆ గదిలో నిలవదు. ఆ సంగతి చిన్నకోడలికీ తెలుసు.

ఇక మామగారు నోరు విప్పక తప్పలేదు. "పెద్దమ్మాయ్, తీసెయ్యమ్మా. బడిపిల్లలు కూడా చదివే పుస్తకం. ఫోన్లో వాళ్ళు పదేపదే అడిగారు, ఆవిడ మీకేమవుతుందని. ఏదో నోరు జారింది."

"మీ తమ్ముడికీ నోరే జారింది మామయ్యగారూ."

"అది వేరు."

"అయితే అది కూడా తీసేద్దాం. ముందుమాట కూడా తీసేద్దాం. ఇద్దరం కూర్చుని ఈ పూటే తిరగరాద్దాం. చెప్పండి."

మామగారు ఒళ్ళో పేపరు సర్దుకున్నాడు. ఆ ముందుమాటే ఆయన పరువు, ప్రతిష్ఠ. కొడుకు పోయినా తట్టుకున్నాడు గానీ, ఆ ముందుమాట పోతే తట్టుకోలేడు.

పెద్దకోడలు ఖాళీ చీటీ తీసుకుని ఆయన దగ్గరికి నడిచింది.

"ఇది ఏడో అర్థం. మాట నిలబెట్టుకొను. దీన్ని మీకోసమే ఖాళీగా ఉంచాను. ఆస్పత్రిలో మీరు మాట ఇస్తుంటే విన్నాను. నిలబెట్టుకుంటుంటే వినాలని కూర్చున్నాను. ఫోను మీ పక్కనే ఉంది. పబ్లిషర్‌కి చెప్పండి, నిన్నటి మాట తప్పని. ఆవిడ మా పెద్దకోడలు, పేరు వెయ్యండని. అప్పుడు ఆ వాక్యం చెల్లదు, అన్నవాడే తప్పన్నాడు గనక నేనే కొట్టేస్తాను. ఇది నింపుకుని వెళ్ళిపోతాను."

ఆయన ఆ చీటీ వంక చూశాడు. ఫోను వంక చూశాడు. రిసీవరు అందుకున్నాడు కూడా. పెద్దకోడలి ప్రాణం అక్కడే, ఆ చేతిమీదే ఉంది. తిప్పండి మామయ్యగారూ, ఆ నంబరు తిప్పండి, ఇప్పటికీ మించిపోయింది లేదు, ఇదంతా మర్చిపోతాను, అని మనసులో బతిమాలింది. నోటితో బతిమాలలేదు. ఇన్నేళ్ళ చాకిరీకి అంతమాత్రం పొగరు ఉండాలి.

"మామయ్యగారూ," అంది చిన్నకోడలు వెనకనించి. ఈసారి ఆమె గొంతు మెత్తగా ఉంది. "రాత్రిళ్ళు మీరు ఆయాసపడితే లేచేది ఎవరో, మందులేసేది ఎవరో కాస్త ఆలోచించుకుని మాట్లాడండి. వీధి అవతల గదిలోంచి ఎవరూ పరిగెత్తుకు రారు."

పక్కగోడ మీద కొడుకు ఫొటో. మామగారు దానివైపు చూడలేదు. రిసీవరు మెల్లగా, చప్పుడవకుండా పెట్టేశాడు.

"ముసలాణ్ణమ్మా," అన్నాడు. "అర్థం చేసుకో."

"అర్థాలు రాయడమే కదా నా పని," అంది పెద్దకోడలు.

బల్ల దగ్గరికి వచ్చింది. ఏడో అర్థం చీటీమీద వాక్యం ఉండాల్సిన చోట 'వినలేదు' అని రాసింది. ఎప్పుడూ రాసే గుండ్రటి అక్షరాలే, ఒక్కటి కూడా వంకర పోలేదు. కట్టలో దాని చోట అది పెట్టింది. ఆఖర్న 'ఉంచుకున్న మనిషి'ని పెట్టింది. అన్నీ తాడుతో బిగించి కట్టి, పైన సంతకం చేసి, కలం చిన్నకోడలివైపు తోసింది.

"పెట్టు. నువ్వు రాసిందే, నువ్వు విన్నదే."

చిన్నకోడలు గింజుకుంది. పెట్టకపోతే పుస్తకం ఆగిపోతుంది, పేరూ ఆగిపోతుంది. పెడితే పరువు వీధిన పడుతుంది. మామగారివైపు చూసింది. ఆయన పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ పేపరు తిరగేసి ఉందన్న సంగతి ముగ్గురికీ కనపడుతూనే ఉంది. పేరు మీద ఆశ చావక, పళ్ళు నూరుకుంటూ ఆమె సంతకం గీకింది.

అప్పుడే మెట్లెక్కి కంపోజిటర్ వచ్చాడు. నిదానస్తుడు, చీటీ చీటీ చూసుకుంటేగానీ కట్ట తీసుకోడు. తాడు విప్పి నిలబడే చూడసాగాడు. ఒకచోట ఆగాడు. ఆఖరి చీటీ దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగాడు. చెవులు ఎర్రబడ్డాయి. మళ్ళీ వెనక్కి తిప్పి ఏడో చీటీ పైకి తీశాడు, మాట్లాడ్డానికి తేలిక అదే గనక.

"అమ్మా, ఇక్కడ 'వినలేదు' అని ఉంది. పొరపాటేమో. చచ్చిపోయిన అర్థాలకి కదా అది వేసేది? మాట నిలబెట్టుకోవడం ఇంకా వాడుకలో ఉన్నదేగా? మా ఇంట్లోనే రోజూ అంటాం."

"మీ ఇంట్లో అంటారు, నిజమే. నేను వినలేదు," అంది పెద్దకోడలు. గొడుగు అందుకుంది. "పెద్దాయన ఇక్కడే ఉన్నారుగా. కావాలంటే అడుగు."

కంపోజిటర్ చీటీ పట్టుకుని పడక్కుర్చీ దగ్గరికి వెళ్ళాడు. "ఏమంటారండీ? కొట్టెయ్యమంటారా, ఉండనివ్వమంటారా? ఇప్పుడైతే మార్చొచ్చు. అచ్చెక్కాక నా చేతుల్లో ఉండదు."

పెద్దకోడలు గుమ్మంలో ఆగింది. వెనక్కి తిరగలేదు. ఫోను స్టూలు మీదే ఉంది.

పేపరు ఇంకాస్త పైకి లేచింది.

"ఉండనీ," అన్నాడు మామగారు.

ఆవిడ మెట్లు దిగి వీధిలోకి వెళ్ళిపోయింది.